ఆగమమా, ఆదేశమా? – వలస కుటుంబముల బిడ్డల విద్యావిషయక విమర్శ

విషయప్రవేశము

గన్నవరము కృష్ణా జిల్లాలో విజయవాడకుఁ దూర్పుగా, ఏలూరు కాలువ చేరువను, రాజమార్గముమీఁద నున్న యూరు. అచ్చట విమానాశ్రయ మున్నది. దానికి 2017వ సంవత్సరమున నంతర్జాతీయస్థాయి లభించినది. కృష్ణకు 1852–1855 సంవత్సరముల నడుమ ఆనకట్ట కట్టఁబడిన పిదప నీ డెల్టా పాడిపంటలకుఁ బుట్టినిల్లయ్యెను. పంట ధనమును, ధనము చదువును, చదువు పరదేశయానమును దెచ్చినవి. ఇచ్చటి కుటుంబములు పరదేశములకుఁ బోవుచుండఁగా, ఇతర రాష్ట్రముల కూలికుటుంబములు బిడ్డలతోఁ గూడ నాంధ్రదేశమునకు వచ్చుచున్నవి. పోవువారును వలసవారే, వచ్చువారును వలసవారే. అయినను బిడ్డల చదువు ప్రసక్తికి వచ్చినపుడు లోకము రెండు నాలుకలతోఁ బలుకును. పోయినవారి బిడ్డలు బుద్ధిశాలులనియు, వచ్చినవారి బిడ్డలు మందబుద్ధులనియు ననును. ధాతు వొక్కటి, కర్త లిద్దఱు. ఫలములు మాత్రము పరస్పరవిరుద్ధములు. ఇట్టిచోట ధాతువును నిందించుటయుఁ దగదు, కర్తను నిందించుటయుఁ దగదు. నడుమనున్న కారకముల నరయవలెను. ఆ పరిశీలనమే యీ విమర్శకు విషయము.

‘వలసవారి బిడ్డలు చదువున వెనుకఁబడియున్నారు’ అను వాక్యము విద్యాశాఖల నివేదికలయందును, ఉపాధ్యాయుల సంభాషణములయందును దఱచుగా వినఁబడును. ఇందలి ‘వెనుక’ యను పదము సాపేక్షము. దేనికి వెనుక, ఎవరికి వెనుక, ఏ దారిని వెనుక యను నాకాంక్ష తీఱినఁగాని యీ వాక్యమున కర్థము పూర్తికాదు. ఆకాంక్ష తీఱని వాక్యమును బ్రమాణముగాఁ గొని పసివారి జీవితమును నిర్ణయించుట శాబ్దికులకే గాక సామాన్యులకును దగదు.

లోపశబ్దవిచారము

వెనుకఁబాటునకుఁ బర్యాయముగా ‘లోపము’ అను మాటయు వాడఁబడుచున్నది. భాషాలోపము, గ్రహణలోపము, సంస్కారలోపము అని యుపాధ్యాయులు వ్రాయుట కలదు. ఈ పదమునకుఁ బాణిని యిచ్చిన లక్షణము వ్యాకరణవిద్యార్థు లెల్ల నెఱిఁగినదే. కానరాకపోవుట లోపమని యామహర్షి చెప్పెనే కాని, లేకపోవుట లోపమని చెప్పలేదు. ఉండవలసిన తావున నున్నదే కంటికిని జెవికిని దగులకుండుట లోపము. అంతటితోఁ దనియక, ప్రత్యయము లోపించినను దాని నాశ్రయించిన కార్యము జరిగియే తీఱునని కూడ విధించెను. క్విప్ప్రత్యయ మిందులకుఁ బ్రసిద్ధమైన యుదాహరణము. అందలి వర్ణములలో నొక్కటియైన నిలువదు, అన్నియు లోపించును. అయినను ‘అగ్నిచిత్’ అను పదము తుదనున్న తకారము దాని ప్రభావముననే వచ్చినది. ప్రక్రియ తెలియనివాఁ డా తకారము నూరక వచ్చినదనుకొనును. తెలిసినవాఁడు కానరాని ప్రత్యయము నచ్చటఁ జూచును.

బడిలో మాటాడని పరభాషాబాలునియందు జ్ఞానము లోపించినదన్నపు డీ యర్థమే గ్రహింపవలెను. వానికిఁ గథలు తెలియును, లెక్కలు తెలియును, చుట్టఱికముల పేర్లు తెలియును, వానరాకడ తెలియును. అవి వాని భాషలో నున్నవి. పరీక్ష మఱియొక భాషలో నున్నది. కావున నవి కానరావు. కానరానిదానిని లేనిదని వ్రాయుట ప్రక్రియాదోషము.

పూర్వపక్షము

ఇచ్చట నొక పూర్వపక్షము పుట్టును. ‘ఇది శబ్దచమత్కారమే కాని వస్తుస్థితి కాదు, వలసవారి బిడ్డలకు మార్కులు తక్కువగా వచ్చుట లోకమంతటఁ గొలిచి చూపఁబడినది కదా’ యని. కొలఁత యున్నమాట నిజము. ఆర్థిక సహకారాభివృద్ధి సంస్థ యను దేశముల కూటమి 15 ఏండ్ల విద్యార్థులకు ‘పీసా’ యను పరీక్షను నడపుచున్నది. 2022లో జరిగిన పరీక్షలో, ఆ కూటమి దేశముల సగటున, గణితమున స్థానికుల బిడ్డలకంటె వలసవారి బిడ్డలు 29 అంకములు తక్కువ పొందిరి. పూర్వపక్షి యిచ్చటనే గ్రంథమును మూసివేయును. మూయక యొక పుట త్రిప్పినచోఁ దరువాతి మాట కానవచ్చును. ఇంటి స్థితిగతులను, ఇంట మాటలాడు భాషను లెక్కలోనికిఁ దీసికొని సమానులను సమానులతోఁ బోల్చి చూడఁగా నా 29 అంకముల భేదము 5 అంకములకు దిగినది. అనఁగా భేదములో నధికభాగము వలసతోఁ గూడివచ్చిన రెండింటియందున్నదే కాని వలసయందు లేదు. ఒకటి పేదఱికము, రెండవది భాష.

మఱియు నాస్ట్రేలియా, ఖతరు, ఐక్య అరబ్బు ఎమిరేట్లు మొదలగు దేశములలో వలసవారి బిడ్డలే స్థానికులకంటె నెక్కువ యంకములు పొందిరి. కారణమున్నచోఁ గార్యముండవలెను. వలసయే వెనుకఁబాటునకుఁ గారణమైనచో నీ దేశములలోఁ గూడ వెనుకఁబాటే కానరావలసియుండెను. అట్లు కానరాలేదు కావున వలసకుఁ గారణత్వము సిద్ధింపదు.

వలస యొక్కటి, వలసవారు పలువురు

వలసవాఁడు తనతోఁ దెచ్చుకొనునది సంచిలోని వస్తువులు మాత్రమే కాదు. తన చదువును, తన ధనమును, తన కులమువారి యాదరువును, తాను వచ్చుటకుఁ గారణమైన పత్రమును గూడఁ దెచ్చుకొనును. అమెరికా సంయుక్తరాష్ట్రములు 1965లోఁ దమ ప్రవేశశాసనమును మార్చి, పుట్టినదేశమునుబట్టి భాగములు పంచు పద్ధతిని విడిచినవి. బంధుత్వమునకును, వృత్తినైపుణ్యమునకును బ్రాముఖ్యము వచ్చెను. 1990 నాటి శాసనముచే నేర్పడిన వీసా పద్ధతివలనఁ బట్టభద్రులైన తెలుఁగువారు వేలకొలఁది యచ్చటికిఁ జేరిరి. చేరినవారు తెలుఁగుదేశపు సగటు జనులు కారు. తూర్పారఁబట్టి యేఱిన గింజలు. వారి బిడ్డలు బడిలో ముందుండుట కాంధ్రజాతి మేధాశక్తి కారణమని చంకలు గొట్టుకొనుట తగదు. జెనిఫర్ లీ, మిన్ ఝౌ అను నిరువురు విదుషీమణులు 2015లోఁ బ్రకటించిన గ్రంథమున, అమెరికాలోని చైనీయుల, వియత్నామీయుల బిడ్డల విద్యను బరిశీలించి, యేఱఁబడిన వలసయే యా విజయమునకు మూలమని వివరించిరి. తెలుఁగువారి విషయమునను ఆ న్యాయమే వర్తించును.

దేశములోపలి వలసయందును ఈ తారతమ్యమే కలదు. తుంగభద్రా జలాశయము 1953లో సిద్ధమైన పిదపఁ గోస్తా జిల్లాల రైతులు గంగావతి, సింధనూరు ప్రాంతములకుఁ బోయి, భూములు కొని, ‘క్యాంపు’ లను పేర నూళ్లు గట్టుకొనిరి. వారు వలసవారే. కాని భూమి చేతనుండుటచే వారిని వలసకూలీలని యెవ్వరును బిలువలేదు. బలాంగీరు, నువాపడా, కలహండి మొదలగు పశ్చిమ ఒడిశా జిల్లాలనుండి తెలుఁగురాష్ట్రముల యిటుక బట్టీలకు వచ్చు కుటుంబములట్లు కాదు. ముఠాదారుని యొద్ద ముందుగాఁ గొన్న సొమ్మునకుఁ గట్టువడి, వేయి యిటుకల కింతయను లెక్కను బని చేయువారు. ఇద్దఱు పెద్దలును ఒక పిల్లయుఁ గలిసి యొక పనిజట్టుగా లెక్కింపఁబడుట యా వృత్తియందుఁ గలదు. పిల్ల పేరు బడి హాజరుపట్టికలో నుండునో లేదో కాని, బట్టీలెక్కలో మాత్ర ముండును.

కావున ‘వలసవారి బిడ్డలు’ అను సామాన్యశబ్దము క్రింద వీరినందఱను జేర్చి మాటాడుట శాస్త్రమునకుఁ జాలదు. అది ‘చెట్టు’ అని పలికి మఱ్ఱికిని మామిడికిని నొకే ఫలమును జెప్పుటవంటిది.

బడిలోని బిడ్డ

అట్టి బట్టీకుటుంబపు బిడ్డ యొకఁడు గన్నవరము మండలములోని ప్రాథమిక పాఠశాలలోఁ జేరెననుకొందము. వానికెదురగు చిక్కు లెట్టివో వ్యాకరణదృష్టితోఁ జూడవలెను.

మొదటి చిక్కు వర్ణములది. ఒడియా లిపిలో ఎకారమునకును ఒకారమునకును హ్రస్వదీర్ఘభేదము లేదు. తెలుఁగున ‘మెడ’ వేఱు, ‘మేడ’ వేఱు. ‘కొన’ వేఱు, ‘కోన’ వేఱు. ఒడియాబాలుఁ డీ రెండు జంటల నొక్కతీరున వ్రాయును. ఉపాధ్యాయుఁ డెఱ్ఱసిరాతో గీఁత గీయును. అయినను సంస్కృతమునందు హ్రస్వములైన ఎకార ఒకారములు లేవు కదా! ఆ కారణమున సంస్కృతపండితులకు శ్రవణలోపము గలదని యెవరైన ననిరా? లేని భేదమును చెవి గుఱుతింపకపోవుట స్వభావము. దానిని నేర్చుకొనుటకుఁ గాలము పట్టును.

రెండవ చిక్కు క్రియాపదములది. ఒడియాక్రియ పురుషవచనములను, గౌరవమును దెలుపునే కాని లింగమును దెలుపదు. తెలుఁగుక్రియ మహదమహద్భేదమును బాటించును. అందును ‘వచ్చినది’ యను నేకవచనమున స్త్రీని అమహత్తుతోఁ జేర్చి, ‘వచ్చిరి’ యను బహువచనమునఁ బురుషునితోఁ జేర్చును. ఇట్టి వింత యేర్పాటు తెలుఁగుబిడ్డలకుఁ దల్లిపాలతో వచ్చినది కావున వింతగాఁ దోఁపదు. పరభాషాబాలుఁడు ‘అమ్మ వచ్చినాఁడు’ అన్నపుడు తరగతి యెల్ల నవ్వును. ఆ నవ్వు విన్న బిడ్డ మఱల నోరు విప్పక పోవుట సహజము. తరువాత నా మౌనము మందబుద్ధిగా నమోదగును.

మూఁడవ చిక్కు లోకమునకుఁ దఱచుగా దెలియనిది. బలాంగీరు ప్రాంతపు బిడ్డ యింట మాటాడునది పుస్తకములలోని ఒడియా కూడఁ గాదు, సంబల్పురి. ఇంటిని బుస్తకభాష ‘ఘర’ యని యజంతముగాఁ బలుకును. సంబల్పురి ‘ఘర్’ అని హలంతముగాఁ బలుకును. తెలుఁగు ‘ఇల్లు’ అనును. ఇంట నొక మాట, సొంతయూరి బడిలో నొక మాట, వలసయూరి బడిలో నొక మాట. మూఁడు శబ్దములకు నర్థ మొక్కటియే. ఆ బిడ్డకు నిలువ నీడ మాత్ర మొక్కచోటను లేదు.

ఇవి చిక్కులు. ఇఁక వాని చేతనున్న ధనమును లెక్కింపవలెను. ఒడియా వర్ణమాలయు తెలుఁగు వర్ణమాలయుఁ గ్రమమున నొక్కటియే. క, ఖ, గ, ఘలను నేర్చిన బిడ్డకు వర్గము, స్థానము, ప్రాణభేదము తెలిసియే యున్నవి; ఆకారములు మాత్రము క్రొత్తవి. వాక్యమున కర్త ముందును క్రియ తుదను నుండుట రెండు భాషలకును సమానము. విభక్తి నామమునకుఁ బిదప వచ్చుటయు సమానమే. చతుర్థియందుఁ దెలుఁగునకు ‘కు’ యున్నట్లే పుస్తకపు ఒడియాలో ‘కు’ యున్నది. మనుష్యులను లెక్కించునపుడు వస్తువులనుండి వేఱుచేయు సంప్రదాయము తెలుఁగున ‘ఇద్దఱు’, ‘రెండు’ అను రూపములచే దెలియును. ఒడియాయందు సంఖ్యకు ‘జణ’ యను పదమును జేర్చుటచే దెలియును. ఇంత సామ్యము చేతనుండఁగా నా బిడ్డను ఓనమాలు తెలియనివానిగాఁ దలఁచి వెనుకబల్లమీఁదఁ గూర్చుండఁబెట్టుట, నిండినకుండను వట్టిదని బోర్లించుటవంటిది.

వాడుకలో మాటలాడు నేర్పును, పాఠమును గ్రహించు నేర్పును వేఱువేఱని జిమ్ కమిన్సు అను కెనడాపండితుఁడు 1979 మొదలు ప్రతిపాదించెను. క్రొత్తభాషలో సంభాషించుటకు సుమారు 2 సంవత్సరములు చాలును. ఆ భాషలోఁ జదివి, తర్కించి, వ్రాయుటకు సుమారు 5 మొదలు 7 సంవత్సరములు పట్టునని యాతని పరిశీలనము. ఆటస్థలమునఁ దెలుఁగు చక్కఁగా మాటాడు బిడ్డ చరిత్రపాఠమునఁ దడఁబడినపుడు ‘భాష వచ్చును, బుద్ధియే లేదు’ అని యుపాధ్యాయుఁడు తీర్పు చెప్పుట యీ భేదము నెఱుఁగమివలననే.

కాలవిచారము

భాష యొక్కటియే కారణమన్నచో నది యతివ్యాప్తి యగును. ఒడిశాలో వానకాలపుఁ బంటపని తీఱినపిదప, అక్టోబరు, నవంబరు మాసములలోఁ గుటుంబములు కదలును. మే, జూను మాసములలో వానలు రాకముందు మరలిపోవును. సొంతయూరి బడిలో సంవత్సరపుఁ జదువు నడుమఁ దెగును. వలసయూరి బడిలో నడుమ మొదలయి తుదకుఁ జేరక తెగును. ఏఁడాదికి రెండు బడులు దాఁటియు నొక్క తరగతియైనఁ బూర్తికాదు. చెల్లెండ్రను దమ్ములను బట్టీయొద్దఁ గాచుట, ఆఱిన పచ్చియిటుకను త్రిప్పుట యను పనులు తక్కిన కాలమును మ్రింగును.

ఒడిశాలోఁ దల్లిదండ్రులు వలసపోయిన మాసములలో బిడ్డలు సొంతయూళ్లయందే యుండి చదువుకొనుటకు వసతిగృహములు నడపఁబడినవి. తెలంగాణమున బట్టీలయొద్దనే ఒడియాబోధనతోఁ బాఠశాలలు నెలకొల్పి, ఒడిశానుండి పుస్తకములను బోధకులను దెప్పించుటయు జరిగినది. ఇవి మంచి యుపాయములు. వీనివలనఁ దేలిన విషయ మొక్కటి కలదు: కాలమును భాషను గూర్చినచోట బిడ్డ చదువుకొనుచున్నాఁడు.

ఆగమాదేశములు

ఈ విమర్శకుఁ బ్రధానమైన సిద్ధాంత మిఁకఁ జెప్పవలెను. ఆగమము మిత్రునివలె వచ్చుననియు, ఆదేశము శత్రువువలె వచ్చుననియు శాబ్దికుల నానుడి. ‘మా’, ‘అమ్మ’ యను రెండు పదముల నడుమ యడాగమము వచ్చి ‘మాయమ్మ’ యగును. వచ్చిన యకారము ‘మా’ యనుదానిని గదలింపలేదు, ‘అమ్మ’ను ద్రోయలేదు, రెండింటిని గలిపి తాను నడుమ నిలిచినది. ‘వాఁడు కొట్టె’ నన్నచోఁ గకారమునకు గకార మాదేశముగా వచ్చి ‘వాఁడు గొట్టె’ నగును. ఇచ్చట గకారము కూర్చుండవలెనన్నఁ గకారము లేవవలెను.

క్రొత్తయూరి భాష బిడ్డకు రెండు విధముల రావచ్చును. ఇంటిభాష ప్రక్కను మిత్రునివలె వచ్చి, తెలిసినదానికిఁ దెలియనిదానిని గలుపుచు వచ్చుట యొకవిధము. ఇంటిభాషను బీఁటమీఁదనుండి లేపి తాను గూర్చుండుట రెండవవిధము. పాశ్చాత్యవిద్వాంసులు మొదటిదానిని సంయోజకద్విభాషత్వ మనియు, రెండవదానిని వ్యవకలకద్విభాషత్వ మనియుఁ జెప్పఁదగిన పేర్లతో వ్యవహరింతురు. వలసబిడ్డల వెనుకఁబాటనఁబడునది ప్రాయికముగా నాదేశవిద్యాఫలము. బడి వాని భాషను బుచ్చుకొన్నది; తన భాష నింకను ఈయలేదు. ఆ నడిమికాలమున వానికి రెండును లేవు. ఆ నడుమనే పరీక్ష వచ్చును.

తెలుఁగువారి యనుభవము

ఈ సిద్ధాంతమునకుఁ దెలుఁగువారి వలసచరిత్రయే సాక్షి. మలయాదేశపు తోఁటలకుఁ గూలికిఁ బోయిన తెలుఁగువారు పేరాక్ ప్రాంతపు బాగాన్ దాతూ మొదలగు చోట్ల స్థిరపడిరి. తోఁటబడులలోఁ దఱచుగా నుండినది తమిళబోధన. అచ్చటి తెలుఁగువారు 1955లో సంఘముగా నేర్పడి భాషను నిలుపుకొనుటకుఁ బాటుపడిరి. మారిషసునకుఁ 19వ శతాబ్దమునఁ బోయినవారి యిండ్లలోఁ గ్రేయోలుభాష తెలుఁగునకు నాదేశమయ్యెను. ఉగాదికి రాజ్యపు సెలవు కలదు. పాఠశాలలలోఁ దెలుఁగు నేర్చుకొనుటకు వీలు కలదు. కాని యింటిభాషగా నుండవలసినది పాఠ్యవిషయముగా మిగిలినది.

మఱి తమిళనాటి తెలుఁగువారు నేఁటి వలసవారు కారు. నాయకరాజుల కాలమునుండి యచ్చట నున్న కుటుంబము లనేకములు. ఆ రాష్ట్రమున 2006 నాటి శాసనముచే మొదటి తరగతినుండి తమిళము నిర్బంధమయ్యెను. అది యేఁటేఁట నొక్క తరగతి పైకెక్కి 2015–16లోఁ బదవ తరగతికిఁ జేరఁగా, మాతృభాషనే మొదటిభాషగాఁ జదివిన తెలుఁగు, ఉరుదూ, కన్నడ, మలయాళ విద్యార్థులు మదరాసు ఉన్నతన్యాయస్థానము నాశ్రయించి మినహాయింపు పొందిరి. ఆనాఁ డాంధ్రదేశమున నెందఱో తమిళనాటి తెలుఁగుబిడ్డలకై యాక్రోశించిరి. ఆక్రోశము న్యాయమే. అయితే హోసూరులోని తెలుఁగుబిడ్డకు న్యాయమైనది గన్నవరములోని ఒడియాబిడ్డకును న్యాయమే కావలెను. సూత్రము తనకొకవిధముగాఁ బరులకొకవిధముగా వర్తింపదు.

ఈ మార్గమున మొదట నడచిన యాంధ్రుఁడు గిడుగు రామమూర్తి పంతులు. పర్లాకిమిడిలో నుపాధ్యాయుఁడై యుండఁగా సవరల భాషను దాను నేర్చి, ఆ భాషలో వాచకములు వ్రాసి, వారి బిడ్డలకు బడులు పెట్టించెను. ఆయన సవరభాషావ్యాకరణము 1931లో వెలువడినది. గ్రాంథికవ్యావహారికవివాదమున నాయనతో విభేదించిన పండితులు పెక్కండ్రు. ఆ భేదము నేఁటికిని గొందఱియందుఁ గలదు. కాని సవరబిడ్డకు సవరమున నక్షరములు నేర్పుట సరియైన పని యనుటలో వివాదమునకుఁ దావులేదు. గ్రాంథికము నభిమానించువా రొక్క విషయము నొప్పుకొనవలెను. బడిలోని పుస్తకభాష యింటిభాషకు దూరమైనపుడు పేదయింటి తెలుఁగుబిడ్డకును అది పరభాషయే. మిత్రునివలెఁ బ్రవేశపెట్టిననాఁడే వానికది యాభరణమగును. ఆంధ్రప్రదేశమున 2004లో సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసి ఒడియా యను 8 భాషలలోఁ బ్రాథమికబోధన మారంభింపఁబడినది. ఆ పట్టికలో ఆదివాసి ఒడియా యుండుట గమనింపఁదగినది. తెలుఁగులిపిలో నితరభాషను నేర్పు నేర్పు ఆంధ్రోపాధ్యాయులకుఁ గ్రొత్త కాదు.

ఆక్షేపములు, సమాధానములు

‘ఒక తరగతిలో నిద్దఱు ముగ్గురుండు బిడ్డలకై ఒడియా నెఱిఁగిన యుపాధ్యాయుని నెక్కడనుండి తెత్తుము?’ అని మొదటి యాక్షేపము. తెచ్చుటకు వీలుపడనిచోఁ దెలుఁగుపండితుఁడే చేయఁగలిగినవి కొన్ని కలవు. రెండు వర్ణమాలలను ప్రక్కప్రక్కను వ్రాసి గోడకుఁ దగిలింపవచ్చును. లెక్కను బిడ్డ తన భాషలోఁ జెప్పుటకు వీలిచ్చి, యంకెనుబట్టి మార్కు వేయవచ్చును. హ్రస్వదీర్ఘముల తప్పును జ్ఞానదోషముగాఁ గాక యుచ్చారణాభ్యాసముగాఁ దీసికొనవచ్చును. ముందు వచ్చిన పెద్దపిల్లను దుబాసీగాఁ గూర్చుండఁబెట్టవచ్చును. అన్నిటికంటె ముందు, తరగతి నవ్వకుండఁ జూడవచ్చును. వీనికి ధనము పట్టదు.

‘అందఱికి నొకే పుస్తకము, ఒకే గురువు, ఒకే పాఠము, ఇంతకుమించిన సమత్వ మేది?’ అని రెండవ యాక్షేపము. శాన్‌ఫ్రాన్సిస్కో నగరపు చైనీయబాలుర వ్యాజ్యములో అమెరికా సర్వోన్నతన్యాయస్థానము 1974లో దీనికి సమాధానము చెప్పినది. భాష తెలియనివానికిఁ దక్కినవారితో సమానముగాఁ బుస్తక మిచ్చినంతమాత్రమున సమత్వ మిచ్చినట్లు కాదని దాని తాత్పర్యము. భారతరాజ్యాంగములోని 350–ఎ యధికరణము, 1956లోఁ జేర్చఁబడినది, భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకుఁ బ్రాథమికదశలో మాతృభాషాబోధనకు వసతులు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములకుఁ జెప్పుచున్నది. 2009 నాటి విద్యాహక్కుశాసనము వలసకుటుంబముల బిడ్డలను బడిలోఁ జేర్చుకొను బాధ్యతను స్థానికసంస్థలపైఁ బెట్టినది. వయస్సునకుఁ దగిన తరగతిలోఁ జేర్చి ప్రత్యేకశిక్షణ నీయవలెననియు, వీలైనంతవఱకు మాతృభాషలో బోధింపవలెననియు నన్నది. విధి యున్నది, విధికిఁ దగిన ప్రయోగము కొఱవడినది.

‘తల్లిదండ్రులే యింగ్లీషు కోరుచుండఁగా మాతృభాషావాదమెందులకు?’ అని మూఁడవ యాక్షేపము. ఆంధ్రప్రదేశమున 2019లోఁ బ్రభుత్వపాఠశాలల బోధన నింగ్లీషునకు మార్చుటకు వెలువడిన యుత్తరువులను 2020లో నున్నతన్యాయస్థానము కొట్టివేసినది. ఆ వివాదమునం దిరుపక్షముల మాటలును పేదబిడ్డ మేలునకే చెప్పఁబడినవి. ఇంగ్లీషును గోరు తల్లి తప్పు కోరుటలేదు. ధనికుల బిడ్డలకు దక్కినది తన బిడ్డకును దక్కవలెనని కోరుచున్నది. ఆగమముగా వచ్చు నింగ్లీషు నెవరును నిషేధింపరు. ఆదేశముగా వచ్చునది తెలుఁగైనను, ఇంగ్లీషైనను, బిడ్డ నోటికి మూఁత వేయును. ఒడియాబిడ్డకు గన్నవరపు బడిలోఁ దెలుఁగును నింగ్లీషును నొక్కసారి శత్రువులై వచ్చినచో నాబిడ్డ నిలుచుట దుర్ఘటము.

ఉపసంహారము

వలస వెనుకఁబాటునకుఁ గారణము కాదు. పేదఱికము, తెగిన కాలము, త్రోయఁబడిన భాష యను మూఁడును గలిసి సామగ్రియై యా కార్యమును బుట్టించుచున్నవి. మొదటిది రాజ్యముచేతను, రెండవది రాజ్యములు రెండింటి పొత్తుచేతను దీఱవలసినవి. మూఁడవది మాత్రము చాలవఱకు బడిపంతులు చేతిలో నున్నది.

ఉత్తమపురుషబహువచనమునకుఁ దెలుఁగున రెండు రూపములు గలవు. ‘మేము’ అన్నచో వినువాఁడు వెలుపల నుండును. ‘మనము’ అన్నచో లోపలికి వచ్చును. ఇంగ్లీషునకును హిందీకిని ఈ భేదము లేదు. తెలుఁగునకుఁ గలిగిన యీ సౌలభ్యమును తెలుఁగుబడి వాడుకొనవలెను. హాజరుపట్టికలోఁ బేరు వ్రాసికొన్నంతమాత్రమున వచ్చినబిడ్డ యా ‘మనము’లోనికి రాఁడు. వాని నోటిమాటకు బడిలోఁ జోటు దొరకిననాఁడు వచ్చును. అట్లు వచ్చిన పిదపనే వాని మార్కులను గూర్చి తీర్పు చెప్పుట న్యాయము.